బోటు మోటారు స్టార్ట్ అవ్వట్లేదా? బ్యాటరీ కొనే ముందు మీటర్ పెట్టి చూడండి

తాళం తిప్పితే "టిక్" అని ఒక్క సౌండు, అంతే. అంతర్వేది దగ్గర, వశిష్ఠ గోదారి సముద్రంలో కలిసే మొగకి కాస్త ఎగువన ఉన్నాం, పాటు, అంటే సముద్రం వెనక్కి తీసే వేళ, మొదలైపోయింది, నీళ్ళు బోటుని మెల్లగా సముద్రం వైపు లాగేస్తున్నాయి, బోటులో నాతో పాటు మా బాబాయ్, ఇంకో చుట్టం, ఆ చుట్టానికి ఈత రాదు. తమాషా ఏంటంటే ఆ బ్యాటరీ కొని రెండు నెలలు కూడా కాలేదు. ఇదే కంప్లైంట్‌తో ఒక మెకానిక్ దగ్గరికి వెళ్తే బ్యాటరీ పోయిందండీ అన్నాడు, మారుద్దామన్నాడు, మార్చాం, ఓ వారం బ్రహ్మాండంగా నడిచింది, తర్వాత మళ్ళీ అదే టిక్. చివరికి దొరికిన అసలు తప్పు బ్యాటరీలో లేదు, సెల్ఫ్ మోటారులో లేదు, నెగటివ్ కేబుల్ చివర బోల్టుకి బిగించే లోహపు రింగు ఉంటుంది కదా, ఆ లగ్గులో ఉంది. లోపలంతా పచ్చగా చిలుము. పైన నల్ల స్లీవు తొడిగేసి ఉండటంతో బయటికి కొత్తదానిలా కనపడుతోంది.

అప్పట్నుంచి నాకొక పిచ్చి పట్టుకుంది, ఏది మార్చమన్నా ముందు మీటర్ పెట్టి చూపించమంటా. కింద రాసేదంతా ఆ పిచ్చిలోంచి వచ్చిందే. మా దగ్గరుండేది పద్దెనిమిది అడుగుల ఫైబర్ బోటు, 40 హెచ్‌పీ టూ స్ట్రోక్ అవుట్‌బోర్డ్ (బోటు వెనకాల బయట తగిలించే మోటారు), సెల్ఫ్ ఉంది, లాగి స్టార్ట్ చేసే తాడు కూడా ఉంది, 12 వోల్టుల బ్యాటరీ ఒకటి. మీది ఫోర్ స్ట్రోక్ అయినా, డీజిల్ ఇంజిన్‌కి సెల్ఫ్ పెట్టించుకున్నా బ్యాటరీ, వైర్ల సంగతి ఒకటే, స్పార్కు పెట్రోలు దగ్గరకొచ్చేసరికి మాత్రం తేడా వస్తుంది.

నీళ్ళ మీద ఉంటే ముందు లంగరు

మోటారు ఆగిందనగానే అందరం వెనక్కి పరిగెత్తి మోటారు టోపీ, అంటే పైకవరు, ఊడదీస్తాం. తప్పు. ముందు లంగరు వెయ్యండి. పాటులో మొగ దగ్గర పది నిమిషాలు మోటారుతో కుస్తీ పడితే తలెత్తి చూసేసరికి కెరటాల్లో ఉంటాం. లంగరు పట్టాక లైఫ్ జాకెట్లు వేయించండి, ఫోన్‌లో సిగ్నల్ ఉందో లేదో చూస్కోండి. సముద్రంలో అయితే కోస్ట్ గార్డ్ నెంబరు 1554, వీహెచ్ఎఫ్ రేడియో సెట్టు ఉంటే 16వ ఛానెల్. అవసరం పడదులే అనుకున్నా సరే, తెలిసినవాళ్ళకి ఒక ఫోన్ చేసి ఫలానా చోట ఆగాం అని చెప్పేయండి.

ఇంకోటి, పెట్రోలు వాసన వస్తోందా? పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, పైకి పోదు, బోటు అడుగున చెక్కల కింద దిగి కూర్చుంటుంది. వాసన ఉండగా తాళం తిప్పడం, టెర్మినల్ ఊడదీయడం, టార్చి స్విచ్చి నొక్కడం ఏదీ వద్దు. మూతలు తెరిచి గాలి ఆడనివ్వండి, ఎక్కడ కారుతోందో చూసి తుడవండి, వాసన పోయాకే మిగతా పని.

సిగ్గుపడాల్సిన తప్పులు మొదట

పని తెలిసినవాళ్ళు కూడా ఇక్కడే దొరికిపోతారు కాబట్టి వరసగా చూసేయండి. ఎర్ర తాడుకి ఉండే కిల్ స్విచ్ (ఇంజిన్‌ని ఆపేసే స్విచ్చి) క్లిప్ దాని చోట ఉందా? అది ఊడితే చాలా మోటార్లలో సెల్ఫ్ తిరుగుతుంది కానీ స్పార్కు రాదు, మీరు బ్యాటరీ అయిపోయేదాకా కొడుతూనే ఉంటారు. గేరు నిజంగా న్యూట్రల్లో ఉందా? లివరు మధ్యలో ఉన్నట్టు కనపడినా కేబుల్ సాగిపోయి లోపల గేరు కొంచెం పడి ఉంటే న్యూట్రల్ స్విచ్చి సెల్ఫ్‌కి కరెంటు వెళ్ళనివ్వదు, లివరు కాస్త ముందుకి వెనక్కి ఆడిస్తూ తాళం తిప్పి చూడండి. బ్యాటరీ మెయిన్ స్విచ్చి ఆన్‌లో ఉందా? పెట్రోలు ట్యాంకు మూత మీద గాలి స్క్రూ వదులు చేశారా? పెట్రోలు గొట్టం మధ్యలో ఉండే రబ్బరు బల్బు గట్టిపడేదాకా నొక్కారా?

మా చుట్టాల్లో ఒకాయన గంటసేపు తాడు లాగి లాగి భుజం పట్టేశాక మా తమ్ముడొచ్చి క్లిప్ పెట్టాడు, మొదటి లాగుకే స్టార్ట్. ఆయన ఇప్పటికీ వాడితో సరిగ్గా మాట్లాడడు.

చెవితో సగం పని

ఇవన్నీ బాగుంటే ఇప్పుడు తాళం తిప్పి వినండి. అసలు ఏ చప్పుడూ లేదంటే కరెంటు సొలినాయిడ్ (తాళం తిప్పితే సెల్ఫ్‌కి పెద్ద కరెంటు కలిపే స్విచ్చి) దాకా కూడా రావట్లేదు, ఫ్యూజు, తాళం స్విచ్చి, న్యూట్రల్ స్విచ్చి వైపు వెళ్ళాలి, లేదా బ్యాటరీ పూర్తిగా చచ్చింది. ఒక్క టిక్ వస్తే సొలినాయిడ్ పనిచేస్తోంది కానీ పెద్ద కరెంటు సెల్ఫ్‌కి అందట్లేదు. టకటకటకమని వరసగా కొట్టుకుంటే బ్యాటరీ దిగిపోయింది లేదా ఎక్కడో కనెక్షన్ సరిగ్గా లేదు. ఇంజిన్ బరువుగా, మూలుగుతూ తిరిగితే కూడా దాదాపు అదే సంగతి. జుయ్‌మని సెల్ఫ్ మోటారు ఒక్కటే తిరిగి ఇంజిన్ కదలకపోతే సెల్ఫ్ మోటారు మీదుండే చిన్న బెండిక్స్ గేరు ఇంజిన్ పెద్ద చక్రాన్ని, అంటే ఫ్లైవీల్‌ని, పట్టుకోవట్లేదు. ఇంజిన్ చక్కగా జోరుగా తిరుగుతూ అందుకోకపోతే మాత్రం కరెంటు గొడవ వదిలేసి స్పార్కు, పెట్రోలు చూడాలి.

ఈ ఒక్క తేడా పట్టుకుంటే చాలు సగం ఖర్చు తప్పుతుంది. సెల్ఫ్ తిరగని మోటారుకి ప్లగ్గులు మార్చేవాళ్ళని, జోరుగా తిరిగే మోటారుకి బ్యాటరీ అమ్మేవాళ్ళని ఇద్దర్నీ చూశా నేను.

బ్యాటరీ: నిలబడి ఉన్నప్పుడు, పరిగెత్తుతున్నప్పుడు

చిన్న డిజిటల్ మల్టీమీటర్ ఒకటి కొనుక్కోండి, ఖరీదైంది అక్కర్లేదు, డీసీ వోల్టులు రెండు దశాంశాల దాకా చూపిస్తే చాలు. నాబు 20 డీసీ వోల్టుల మీద పెట్టండి. ఎర్ర ముల్లు బ్యాటరీ పాజిటివ్ స్తంభానికి, నల్లది నెగటివ్ స్తంభానికి. స్తంభం అంటున్నా, పైన బిగించిన క్లాంపు మీద కాదు, సీసం మీదే ముల్లు గుచ్చాలి, ఎందుకో కిందకొచ్చాక అర్థమవుతుంది.

మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీ అయితే, ఛార్జింగ్ తీసి కొన్ని గంటలు ఊరికే ఉంచాక 12.6 దగ్గర చూపిస్తే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సుమారు సగం. 12.0 అంటే పావు దగ్గరికి వచ్చేసింది. ఛార్జర్ తీసిన వెంటనే 13 చూపిస్తుంది, దాన్ని చూసి మురిసిపోవద్దు, అది పై పై పొంగు, కాసేపు లైటు వేసి ఆపితే దిగి అసలు రంగు బయటపడుతుంది.

నిలబడి ఉన్నప్పుడు 12.6 ఉంది కదా బ్యాటరీ బాగుంది అనుకుంటే మళ్ళీ తప్పే. మంచం మీద కూర్చున్న ముసలాయన బానే ఉంటాడు, బస్తా ఎత్తమంటే కదా తెలిసేది. అందుకని కిల్ క్లిప్ తీసేసి, అంటే ఇంజిన్ అందుకోకుండా, ఒకళ్ళు తాళం తిప్పుతుంటే ఇంకొకళ్ళు మీటర్ చూడాలి. సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు 10 పైన ఉంటే బాగుంది. 9.6 కంటే కిందికి పోతే బ్యాటరీ ఛార్జింగ్ లేదు లేదా లోపల సెల్ ఏదో పోయింది. ఒక్కోసారికి ఐదు సెకన్లకి మించి తిప్పొద్దు, మధ్యలో కాస్త ఆగండి, సెల్ఫ్ మోటారు వేడెక్కి కాలిపోతుంది. కిందిభాగం నీళ్ళలో ఉండగా చెయ్యండి, గట్టు మీద అయితే పెద్ద ప్లాస్టిక్ డ్రమ్ములో నీళ్ళు పోసి మోటారు అందులో దించండి, పొడిగా తిప్పితే నీళ్ళ పంపు రబ్బరు ఇంపెల్లర్ పాడైపోతుంది.

మూతలు తీసే రకం బ్యాటరీ అయితే యాసిడ్ చిక్కదనం కొలిచే హైడ్రోమీటర్ పెట్టండి, నిండుగా ఉన్న సెల్‌లో 1.265 దగ్గర చూపిస్తుంది. ఆరు సెల్స్‌లో ఐదు ఒకలా ఉండి ఒకటి బాగా కింద ఉందనుకోండి, ఆ బ్యాటరీ మీద ఆశ వదిలేసుకోండి, అప్పుడు మాత్రం కొత్తది కొనండి, నేనేం అనను.

అసలు దొంగ ఎక్కడ దొరుకుతాడంటే

ఇదే ఈ మొత్తంలో ముఖ్యమైంది, కాస్త నిదానంగా చదవండి. సెల్ఫ్ తిరిగేటప్పుడు బ్యాటరీ నుంచి లాగే కరెంటు చాలా పెద్దది, లెక్క తేలిగ్గా ఉండటానికి 100 ఆంపియర్లు అనుకుందాం. దార్లో ఎక్కడో చిలుము పట్టిన చోట 0.03 ఓముల అడ్డు ఉందనుకోండి. 100 ఇంటూ 0.03, అంటే 3 వోల్టులు అక్కడే మాయం. బ్యాటరీ దగ్గర 11 ఉంటే సెల్ఫ్‌కి 8 అందుతుంది, టిక్ అంటుంది లేదా మూలుగుతుంది. మరి ఆ 0.03ని మామూలు మీటర్ ఓముల్లో చూపిస్తుందా? చూపించదు, దాని సొంత వైర్ల అడ్డే అంతకంటే ఎక్కువ ఉంటుంది. బీప్ పెట్టి చూస్తే బీప్ అంటుంది, వైరు బాగుంది అనుకుంటాం. అందులో నూరు తీగలకి రెండే మిగిలినా బీప్ అంటుంది కదండీ!

అందుకని ఓములు వద్దు, కరెంటు పారుతున్నప్పుడు వోల్టులు ఎక్కడ పోతున్నాయో చూడాలి. ఎర్ర ముల్లు బ్యాటరీ పాజిటివ్ స్తంభం మీద, నల్ల ముల్లు సెల్ఫ్ మోటారుకి వచ్చే లావు కేబుల్ బోల్టు మీద పెట్టండి. తాళం తిప్పకుండా ఉంటే అక్కడ కనపడే అంకె పట్టించుకోకండి. ఇప్పుడు తాళం తిప్పమనండి. 0.5 లోపల ఉంటే పాజిటివ్ వైపు బాగుంది. తర్వాత ఒక ముల్లు బ్యాటరీ నెగటివ్ స్తంభం మీద, ఇంకోటి ఇంజిన్ బాడీ మీద పెయింటు లేని చోట, మళ్ళీ తాళం. ఇక్కడ 0.3 లోపల ఉండాలి. మాకు ఎంతొచ్చిందో తెలుసా, 1.9. అంకె ముందు మైనస్ వస్తే కంగారు పడకండి, ముళ్ళు అటూ ఇటూ అయ్యాయి అంతే.

ఎక్కువ వచ్చిందా, ఇక దొంగని పట్టుకోవడమే. స్తంభానికి, క్లాంపుకి మధ్య పెట్టి తాళం తిప్పండి. తర్వాత క్లాంపు నుంచి కేబుల్ చివరి లగ్గుకి. తర్వాత లగ్గు నుంచి అర అడుగు ముందుకి వైరులో సూదితో గుచ్చి. ఇలా అడుగు అడుగుకీ వెళ్తుంటే ఒకచోట అంకె టక్కున గెంతుతుంది. ఆ గెంతిన రెండు ముళ్ళ మధ్యే తప్పుంది, వేరే చోట వెతకక్కర్లేదు. మా బోటులో స్తంభం నుంచి లగ్గు దాకా 0.05, లగ్గు దాటి వైరులోకి వెళ్ళగానే 1.8 చిల్లర. స్లీవు బ్లేడుతో కోసి చూస్తే రాగి తీగలు పచ్చటి పిండిలా రాలాయి, చేతికి ఉప్పు పొడిలాగా తగిలింది. సూదితో గుచ్చిన చిల్లు మీద తర్వాత గమ్ము రాసి టేపు చుట్టండి, లేకపోతే ఉప్పు గాలికి మీరే కొత్త దారి తెరిచినట్టు.

మరి కొత్త బ్యాటరీ వేశాక వారం ఎలా నడిచింది అని నాకూ అనుమానం వచ్చింది. బ్యాటరీ మార్చేటప్పుడు కేబుల్ పీకి, వంచి, మళ్ళీ బిగించారు కదా, ఆ కదలికకి లోపల మిగిలిన నాలుగు తీగలు లగ్గుని కాస్త మంచిగా తాకాయి, దానికి తోడు కొత్త బ్యాటరీ జోరు. ఆ నాలుగు కూడా తినేశాక కథ మొదటికొచ్చింది. అందుకే "మార్చగానే బాగైంది" అన్నది రుజువు కాదు, పీకి బిగించడమే మందు అయ్యుండొచ్చు.

ఇక బాగుచేయడం. ముందు నెగటివ్ కేబుల్ ఊడదీయండి, తిరిగి పెట్టేటప్పుడు నెగటివ్ ఆఖర్న. ఎందుకంటే పాజిటివ్ విప్పేటప్పుడు పానా జారి ఇంజిన్‌కి తగిలితే పెద్ద మెరుపు వస్తుంది, నెగటివ్ తీసేసి ఉంటే ఏమీ కాదు. కేబుల్ని మెరిసే రాగి కనపడేదాకా వెనక్కి కోయండి, నల్లగా ఉన్నా పచ్చగా ఉన్నా ఇంకా కోయాల్సిందే. పొడవు చాలకపోతే కొత్త కేబుల్, దొరికితే టిన్ పూత ఉన్న మెరైన్ కేబుల్ తీసుకోండి, తీగలు వెండిలా తెల్లగా ఉంటాయి, ఉప్పుకి త్వరగా లొంగదు. లగ్గుని సుత్తితో కొట్టకండి, క్రింపింగ్ టూల్ ఉన్నవాడి దగ్గరికి తీసుకెళ్ళండి. ఉట్టి సోల్డర్ పెట్టి వదిలేస్తే అది గట్టిపడి మోటారు అదురుకి అంచు దగ్గర తెగుతుంది. పైన లోపల గమ్ము ఉండే రకం హీట్ ష్రింక్ (వేడి చేస్తే బిగుసుకునే గొట్టం) వేసి కరిగించండి. బ్యాటరీ మీద చెవుల నట్టు ఉంటే పీకేసి మామూలు నట్టు, వాషరు వేసి పానాతో బిగించండి, చెవుల నట్టు చేత్తో ఎంత బిగించినా కెరటాల అదురుకి వదులవుతుంది.

స్తంభాల మీద తెల్లగా పేరుకుంటే వంట సోడా నీళ్ళతో బ్రష్షు పెట్టి కడగండి, సెల్ మూతల్లోకి మాత్రం పోనివ్వొద్దు. ఆరాక బిగించి, బిగించిన తర్వాత పైన పెట్రోలియం జెల్లీ రాయండి.

అసలు చప్పుడే లేకపోతే

ముందు ఫ్యూజు. టోపీ తీస్తే సొలినాయిడ్ పరిసరాల్లో ఉంటుంది, చాలా మోటార్లలో 20 ఆంపియర్లది, మీ మాన్యువల్‌లో ఎంతుంటే అంతే వెయ్యండి. సిగరెట్ ప్యాకెట్ రేకు చుట్టి వేసే మహానుభావులున్నారు, ఫ్యూజు కాలాల్సిన చోట వైరింగ్ మొత్తం కాల్చుకోవడం అంటే అదే. ఫ్యూజు కంటికి బాగున్నా రెండు కాళ్ళ దగ్గరా మీటర్ పెట్టండి, హోల్డర్ లోపల తుప్పు పట్టి కరెంటు దాటకపోవచ్చు.

తర్వాత సొలినాయిడ్ దగ్గరికి. దానికి రెండు లావు బోల్టులు, ఒకటో రెండో సన్న వైర్లు ఉంటాయి. తాళం తిప్పి పట్టుకున్నప్పుడు సన్న వైరు మీద 12 వస్తోందా? రాకపోతే సొలినాయిడ్‌ది తప్పు కాదు, వెనక్కి వెళ్ళండి, న్యూట్రల్ స్విచ్చి, తాళం స్విచ్చి, మధ్యలో ఉండే పెద్ద ప్లగ్ కనెక్టర్. ఆ కనెక్టర్ ఒకసారి విప్పి పిన్నులు చూస్తే మీకే అర్థమవుతుంది, ఒక పిన్ను పచ్చగా పూసి ఉంటుంది. సన్న వైరుకి 12 వచ్చి, టిక్ అని, రెండో లావు బోల్టు మీదకి మాత్రం కరెంటు దాటకపోతే అప్పుడు సొలినాయిడ్ మార్చండి. అది కూడా మార్చే ముందు దాని సన్న ఎర్తు వైరు ఊడి లేదని చూసుకుని.

రెండు లావు బోల్టుల మధ్య స్క్రూడ్రైవర్ పెట్టి సెల్ఫ్ కొట్టే పద్ధతి రేవులో అందరూ చేస్తారు. నాకు నచ్చదు. న్యూట్రల్ స్విచ్చిని దాటేసి కరెంటు వెళ్తుంది కాబట్టి గేరులో ఉన్నా ఇంజిన్ అందుకుని బోటు గెంతుతుంది, వెనకాల ఎవరైనా నీళ్ళలో ఉంటే ఫ్యాను వాళ్ళ మీదకి. మెరుపు కూడా వస్తుంది, పక్కనే పెట్రోలు. తప్పనిసరి అయితే గేరు కళ్ళారా చూసుకుని, నీళ్ళలో ఎవరూ లేరని చూసుకుని, పెట్రోలు వాసన లేదని ముక్కుతో చూసుకుని చెయ్యండి.

జుయ్‌మని తిరిగే బెండిక్స్ సంగతి చిన్నదే, ఆ గేరు పైకి జారే మర మీద పాత గ్రీజు గట్టిపడి ఉప్పు పట్టి ఉంటుంది. శుభ్రంగా తుడిచి చాలా పల్చగా నూనె రాస్తే చాలు, చిక్కటి గ్రీజు మళ్ళీ పెట్టొద్దు. పళ్ళు అరిగిపోయి ఉంటే మాత్రం మార్చాలి.

తిరుగుతోంది, అందుకోవట్లేదు

కాసేపు కొట్టాక ప్లగ్గు విప్పి చూడండి. తడిగా ఉంటే పెట్రోలు వస్తోంది, స్పార్కు అనుమానం లేదా చోక్ ఎక్కువ కొట్టి ముంచేశారు. పొడిగా ఉంటే పెట్రోలే రావట్లేదు.

స్పార్కు చూడాలంటే ప్లగ్గుని దాని టోపీలో పెట్టి, లోహపు భాగం ఇంజిన్ బాడీకి గట్టిగా ఆనించి కొట్టండి. ప్లగ్గు రంధ్రానికి దూరంగా పెట్టండి, అందులోంచి పెట్రోలు ఆవిరి తుపుక్కున బయటికి వస్తుంది, రంధ్రానికి గుడ్డ అడ్డం పెట్టండి. ప్లగ్గు వైర్లని గాల్లో వేలాడదీసి తిప్పొద్దు, ఆ ఒత్తిడికి పోయేది సీడీఐ, అంటే స్పార్కు పుట్టించే ఎలక్ట్రానిక్ పెట్టె, ప్లగ్గు ఖరీదుకీ దానికీ పోలికే లేదు. చేత్తో పట్టుకుంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. నీలం రంగులో టక్ టక్‌మని వస్తే బాగుంది.

అన్ని సిలిండర్లకీ స్పార్కు లేకపోతే నేను మొదట అనుమానించేది కిల్ స్విచ్చినే. చాలా సీడీఐ మోటార్లలో కిల్ వైరు ఎర్తుకి తగిలితే ఇంజిన్ ఆగుతుంది, ఆ స్విచ్చిలో ఉప్పునీళ్ళు దూరితే ఎప్పుడూ తగిలే ఉంటుంది. పరీక్ష కోసం ఆ ఒక్క వైరు విప్పి కొట్టండి, స్పార్కు వచ్చిందా, దొంగ స్విచ్చి దగ్గరే ఉన్నాడు. అలా విప్పి స్టార్ట్ చేస్తే తాళంతో ఆగదు, కిల్ తాడుతో కూడా ఆగదు, చోక్ లాగి ఆపాలి, కాబట్టి అలాగే పెట్టేసి సముద్రంలోకి పోవద్దు. ఒక్క సిలిండర్‌కే లేకపోతే ప్లగ్గు, తర్వాత టోపీ, తర్వాత కాయిల్ పక్క సిలిండర్‌తో మార్చి చూడండి, జబ్బు దానితో పాటు పక్కకి వెళ్తే దొరికిపోయినట్టే.

పెట్రోలు వైపు చూస్తే బల్బు ఎంత నొక్కినా గట్టిపడకపోతే ఎక్కడో గాలి లాగుతోంది లేదా బల్బు వాల్వు పోయింది, నొక్కేటప్పుడు బాణం గుర్తు పైకి ఉండేలా పట్టుకోండి. నడుస్తూ నడుస్తూ బల్బు చప్పగా అతుక్కుపోతే ట్యాంకు గాలి స్క్రూ. ఒక గాజు సీసాలో ట్యాంకు అడుగు పెట్రోలు పట్టి పది నిమిషాలు ఉంచండి, కింద వేరే పొరలా కనపడితే పెట్రోల్లో నీళ్ళు చేరినట్టే. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఈ20, అందులో ఇథనాల్ 20 శాతం, అది నీళ్ళని పీల్చుకుంటుంది, మన గోదారి గాలిలో ట్యాంకు సగం ఖాళీగా నెలల తరబడి ఉంచితే నీళ్ళు, ఇథనాల్ కలిసి అడుగుకి దిగిపోతాయి, మోటారు మొదట పీల్చేది ఆ అడుగుదే. టూ స్ట్రోక్ వాళ్ళు ఆయిల్ లెక్క కూడా చూసుకోండి, 50కి 1 అంటే లీటరుకి 20 మిల్లీలీటర్లు, పది లీటర్లకి 200. ముంచేసిన మోటారు అయితే చోక్ పూర్తిగా తీసి, థ్రాటిల్ బాగా తెరిచి నాలుగుసార్లు కొట్టండి, అందుకోగానే వెంటనే తగ్గించండి.

రోజూ బ్యాటరీ దిగిపోతుంటే

ఇంజిన్ కాస్త రేజ్ చేసి బ్యాటరీ మీద మీటర్ పెడితే 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. ఇంజిన్ ఆపినప్పుడున్న 12.5 దగ్గరే కూర్చుంటే ఛార్జింగ్ అవ్వట్లేదు. 15 దాటితే ఛార్జింగ్ వోల్టులని అదుపులో ఉంచే రెగ్యులేటర్ పోయింది, బ్యాటరీ ఉడికిపోతుంది. ఇంజిన్ నడుస్తుండగా మెయిన్ స్విచ్చి ఆపడం, టెర్మినల్ పీకి "డైనమో పనిచేస్తోందా" అని చూడడం మాత్రం చెయ్యొద్దు, ఏసీ కరెంటుని డీసీగా మార్చే రెక్టిఫయర్ అక్కడికక్కడే పోతుంది. ప్లస్ మైనస్ అటూ ఇటూ తగిలించినా అంతే.

ఛార్జింగ్ బాగున్నా తెల్లారేసరికి దిగిపోతుంటే ఎవరో రాత్రంతా తాగేస్తున్నారు. మీటర్‌ని 10 ఆంపియర్ల సాకెట్‌లోకి మార్చి నెగటివ్ కేబుల్‌కీ స్తంభానికీ మధ్య పెట్టండి, అన్నీ ఆపేసి. ఆ సమయంలో తాళం తిప్పితే మీటర్ ఫ్యూజు ఎగిరిపోతుంది. 0.1 ఆంపియర్ కనపడిందనుకోండి, చిన్నదేలే అనిపిస్తుంది, రోజుకి 2.4 ఆంపియర్ అవర్, 60 ఆంపియర్ అవర్ బ్యాటరీ 25 రోజుల్లో ఖాళీ. మన తూర్పు తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు కదా, అందుకే జూన్ 15 పొద్దున్న రేవంతా టిక్ టిక్‌లే. ఫ్యూజులు ఒక్కొక్కటి పీకుతూ పోతే అంకె పడిపోయిన చోట దొరుకుతుంది, ఎక్కువసార్లు అడుగు నీళ్ళు తోడే పంపు ఫ్లోట్ స్విచ్చి, లేదా స్టీరియో.

నిషేధానికి ముందు బ్యాటరీ ఇంటికి తెచ్చి నిండుగా ఛార్జ్ చేసి, గాలి ఆడే చోట పెట్టి, నెలకోసారి మళ్ళీ ఎక్కించండి. ఖాళీగా ఉంచిన బ్యాటరీ లోపల పలకలు గట్టిపడి ఇక ఎక్కదు. సిమెంటు గచ్చు మీద పెడితే దిగిపోతుందని మా అమ్మ ఇప్పటికీ చెక్క వేస్తుంది, ఇప్పటి ప్లాస్టిక్ డబ్బాలకి ఆ బెంగ లేదు, కానీ అమ్మతో ఎవరు వాదిస్తారు. మోటారు మంచినీళ్ళతో ఫ్లష్ చేసి, కార్బరేటర్ గిన్నె కింద స్క్రూ విప్పి పెట్రోలు వంపేయండి.

ఆ రోజు మేమెలా వచ్చామంటే

లంగరు వేశాం కాబట్టి కంగారు లేదు. మీటర్ లేదు మరి అప్పట్లో. గేరు న్యూట్రల్, క్లిప్ పెట్టి, తాడు లాగాం, నాలుగో లాగుకి అందుకుంది. తాడు మోటారు మీద లేని రకం అయితే పైకవరు తీసి ఫ్లైవీల్ గాడికి ఎమర్జెన్సీ తాడు ముడి తగిలించి, ఫ్లైవీల్ మీద ఉండే బాణం దిశలో తిరిగేలా చుట్టి లాగాలి, స్టార్ట్ అయ్యాక తిరిగే ఫ్లైవీల్ మీద కవరు మళ్ళీ పెట్టడానికి ప్రయత్నించొద్దు, కండువా, వదులు చొక్కా దగ్గరికి రానివ్వొద్దు. ఇంజెక్షన్ మోటార్లలో కొన్నిటికి బ్యాటరీ పూర్తిగా చచ్చాక తాడు లాగినా లాభం ఉండదు, మీది ఏ రకమో గట్టు మీద ఉండగానే తెలుసుకోండి.

మా బాబాయ్ నర్సాపురం రేవు దాకా ఒక్క మాట మాట్లాడలేదు, దిగేటప్పుడు మాత్రం "ఒరేయ్, ఇంజిన్ ఎక్కడా ఆపకురా అని చెప్పానా లేదా" అన్నాడు. ఆయన చెప్పలేదు.

ఇప్పుడు బ్యాటరీ పెట్టె మూత లోపల మార్కర్‌తో నాలుగు అంకెలు రాసిపెట్టా: నిలబడి 12.6, సెల్ఫ్ కొడితే 10.7, నెగటివ్ వైపు 0.1, ఇంజిన్ నడుస్తుంటే 14.1, కింద తారీఖు. నెలకోసారి మళ్ళీ కొలిచి పక్కన రాస్తా, పోయిన నెల నెగటివ్ 0.1 కాస్తా 0.2 అయింది, ఈ ఆదివారం క్లాంపు విప్పి చూడాలి.